బావ చేసిన బట్టల మిషను

పోయిన వారం పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ఊరి వార్తల పేజీలో మా బావ ఫోటో కనబడింది. మెడలో దండ, భుజాల మీద శాలువా, వయసు మీదపడినా ఏమాత్రం వంగని నడుము. ఏదో కాలేజీలో పిల్లలు సొంతంగా తయారుచేసిన పరికరాలతో ప్రదర్శన పెట్టి, దానికి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారట. బట్టలుతికే మిషను అంటే ఏమిటో జనానికి తెలియని రోజుల్లోనే నూనె డ్రమ్ముతో, పాత మోటారుతో మిషను చేసిన మన విశాఖ మనిషి అని ఆయన గురించి గొప్పగా రాశారు. మొట్టమొదటి మిషనుని తన ఇంట్లో ఆడవాళ్ళే వాడి చూసి మెచ్చుకున్నారని ఆయన పిల్లలకి చెప్పాడట.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఆడవాళ్ళం ముగ్గురం: మా అక్క, నేను, మా అమ్మ. అమ్మ ఆ రోజుల్లోనే పోయింది, నాన్న ఆ తరవాత కొన్నేళ్ళకి పోయాడు, అక్క ఈమధ్యనే పోయింది. నన్ను ఊరుకోమన్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కాబట్టి, పేపర్లో రాయనిది నేను రాస్తాను.

డెబ్భైల చివర్లో వన్ టౌన్లో కాపురమున్న వాళ్ళకి ఎర్ర దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు. పోర్టులో ఇనప ఖనిజం ఎత్తిపోసే రోజున గాలి ఇటు తిరిగిందంటే, దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగు తేలేది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి మన పాదాల గుర్తులు మనకే కనబడేవి. బావుల్లో ఉప్పునీళ్ళు, సబ్బు నురగ వచ్చేది కాదు. కుళాయి వచ్చేది పొద్దున కాసేపే. ఆ కాసేపట్లో ఇంటిల్లిపాది బట్టలు ఉతకడమంటే ఆడవాళ్ళ నడుములు విరిగే పని. నేను టైపు పాసయ్యి, పోర్టు దగ్గర ఒక షిప్పింగు కంపెనీలో ఉద్యోగం దొరికి, వన్ టౌన్లోనే ఒక సందులో అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. మాది అచ్యుతాపురం పక్క పల్లె. ఇప్పుడంటే అటువైపంతా ఫ్యాక్టరీలు గానీ, అప్పుడు చోళ్ళు, నువ్వులు పండించుకునే ఊరు. అమ్మానాన్నా అక్కడే ఉండేవారు.

బావ ఓడలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. తాగేవాడు కాదు, అక్క మీద చెయ్యెత్తేవాడు కాదు, పదిమందినీ నవ్వించేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చాలు, పెరట్లో పీట వేసుకుని ఏదో ఒకటి విప్పుతూనో బిగిస్తూనో ఉండేవాడు. సబ్బుపెట్టెలో రేడియో చేశాడు. రెండు గడ్డం బ్లేళ్ళకి వైర్లు కట్టి బకెట్లో వేసి స్నానానికి నీళ్ళు కాచేవాడు, ఆ బకెట్లో పొరపాటున ఎవరూ చెయ్యి పెట్టకుండా అక్క పక్కనే కాపలా కూర్చునేది. పాత డాల్డా డబ్బాతో టేబుల్ ఫ్యాను చేస్తే, దాని రెక్కలకి చుట్టూ జాలీ లేక మా అక్క పెద్దపిల్లాడి వేలు కొంచెం తెగింది. ఆ మర్నాడు జాలీ కట్టాడు. దెబ్బ తగిలాక మందు వెయ్యడం ఆయన పద్ధతి. మాకప్పుడు అది పద్ధతిలా కనబడలేదు, హడావిడి మనిషి అనుకునేవాళ్ళం, అంతే. సందులో అందరికీ ఆయనంటే గొప్ప, నాకు మరీ గొప్ప. ఆఫీసులో మా బావ ఇది చేశాడు, మా బావ అది చేశాడు అని చెప్పుకుని మురిసేదాన్ని.

అక్క రెండోసారి నీళ్ళోసుకుని నడుం నొప్పితో వంగలేకపోతున్న రోజుల్లో ఆయనకి బట్టల మిషను ఆలోచన వచ్చింది. పాత సామాన్ల దుకాణం నించి నూనె డ్రమ్ము తెచ్చి సగానికి కోయించి, కాస్టిక్ సోడాతో కడిగి, అడుగున చెక్కరెక్కలు బిగించి, ఎవరో పారేసిన నీళ్ళ పంపు మోటారుని బాగుచేసి దాని కింద కట్టాడు. వైరు పెరటి కిటికీలోంచి గదిలోకి వెళ్ళి, అక్కడ గోడకున్న రెండు కన్నాల ప్లగ్గులో ఆగేది. మొదటిసారి తిప్పిన రోజు మా పెరటి నిండా ఆడవాళ్ళే. డ్రమ్ము గడగడలాడుతూ సబ్బునీళ్ళు సుడి తిరుగుతుంటే, దాని చుట్టూ పెళ్ళివారిలా నిలబడి చూశారు. పక్కవాటాలో ఉండే చేపల బుట్టామె తన చీర కూడా అందులో వేసి, అది మురికి వదిలి బయటికి రావడం చూసి, బావకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ రోజు అక్క ముఖంలో ఉన్న వెలుగు నాకిప్పటికీ కళ్ళముందుంది. అందుకే ఇది చెప్పడం కష్టం. ఆ సంతోషం అబద్ధం కాదు.

కొన్నాళ్ళకి అక్క చేతులు జిల్లుమంటున్నాయంది. తడి చేత్తో డ్రమ్ము అంచు ముట్టుకుంటే చీమలు పాకినట్టుంటోందని చెప్పింది. బావ టెస్టరు తెచ్చి డ్రమ్ముకి ఆనిస్తే అందులో దీపం సన్నగా వెలిగింది. నేను పక్కనే ఉన్నాను. పాత మోటారు కదా, చుట్టకి చెమ్మ పట్టి ఉంటుంది, ఎండలో పెడితే పోతుందన్నాడు. ఎండలో పెట్టాడు, పోలేదు. అప్పుడు ఒక చెక్కపీట తెచ్చి, దాని మీద నిలబడి ఉతికితే ఏమీ కాదని చెప్పాడు. నిజంగానే పీట మీద నిలబడితే జిల్లు తెలిసేది కాదు. దాంతో ఆ సంగతి తేలిపోయిందనుకున్నాడు. అక్క మాత్రం పీట ఉన్నా మిషను దగ్గరికి వెళ్ళడం తగ్గించేసింది.

కారే కరెంటుని మట్టిలోకి పంపే ఎర్తు వైరు సంగతి అడిగినవాళ్ళు లేకపోలేదు. వర్క్‌షాపులో ఆయనతో పనిచేసే స్నేహితుడొకాయన మిషను చూడ్డానికొచ్చి, దీనికి ఎర్తు ఏదిరా అని అడిగాడు. చేస్తాను, దానికి పెరట్లో గుంట తవ్వాలి, మూడు పిన్నుల ప్లగ్గు బిగించాలి, గోడ పగలగొట్టాలి, చివర్లో చూస్తాను అన్నాడు బావ. అప్పటికి ఆయన మనసంతా వేరేచోట ఉంది. ఆ ఏడు ఊళ్ళో ఎగ్జిబిషను పెడుతున్నారని, అందులో మిషనుని చూపిస్తే ఎవరైనా పెద్ద దుకాణదారు ముందుకొస్తాడని ఆశ. చివర్లో చేస్తానన్నది ఎర్తు వైరు. ముందు చేసింది రంగు. మంచి ఆకుపచ్చ ఎనామిలు రెండు పూతలు వేసి, అంచుకి పసుప్పచ్చ గీత కూడా గీశాడు. ఆ గీత వంకర పోకుండా ఊపిరి బిగబట్టి కుంచె నడిపించడం నేను కళ్ళారా చూశాను. అంత ఓపిక ఉన్న మనిషి.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురిటికి అమ్మ పల్లె నించి వచ్చింది. పురిటింట్లో బట్టలెంతో మన తరం ఆడవాళ్ళకి తెలుసు. అప్పుడు పిల్లలకి కట్టేవి పాత పంచె గుడ్డలే. అమ్మ మిషనుని చూసి మొదట భయపడింది, తరవాత ముచ్చటపడింది, అల్లుడి పనితనం ఊళ్ళో అందరికీ చెప్పుకోవాలనుకుంది. ఒకటి రెండు రోజులకే ఆమెకీ జిల్లుమంది. బావ అన్నం తింటుండగా మజ్జిగ వడ్డిస్తూ, మొహమాటంగా అడిగింది.

"బాబూ, ఆ డ్రమ్ము ముట్టుకుంటే సెయ్యి జిల్లుమంతంది. ఏటైనా ఉందేటో సూడు."

"సన్న కరెంటత్తా, ఏటీ కాదు. నీ కీళ్ళ నొప్పులుంటే పోతాయి," అన్నాడు బావ నవ్వుతూ.

అమ్మ కూడా నవ్వింది. అల్లుడి మాటకి నవ్వడం మర్యాద. లోపల మంచం మీద పడుకున్న అక్క, వద్దమ్మా, చేత్తోనే ఉతుకు, లేకపోతే నేను లేచాక చూసుకుంటాను అని కేకేసింది. నేనూ అన్నాను, బావా అది బాగు చేసేదాకా ప్లగ్గు తీసెయ్యి అని. నీకు టైపు మిషను సంగతి తెలుస్తుంది గానీ ఈ మిషను సంగతి నీకేం తెలుసన్నాడు, అదీ నవ్వుతూనే. ఆ ఇంట్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళమూ ఒక్కొక్కసారి చొప్పున చెప్పాం. ముగ్గురి మాటా ఆయనకి పిరికితనంగానే వినబడింది.

ఒక ఆదివారం పొద్దున. బావ ఎగ్జిబిషను వాళ్ళతో మాట్లాడ్డానికి వెళ్ళాడు. అక్క పసిదానికి నూనె రాస్తోంది. నేను వీధి గదిలో తల దువ్వుకుంటున్నాను. పెరట్లో మిషను గడగడ వినిపిస్తోంది, అమ్మ పసిపిల్ల గుడ్డలు వేసినట్టుంది. కాసేపటికి నాకెందుకో తేడా తెలిసింది. పనిచేస్తున్నంతసేపూ అమ్మ గాజులు చప్పుడయ్యేవి, తనలో తను ఏదో మాట్లాడుకుంటూ ఉండేది. మిషను తిరుగుతోంది గానీ ఆ చప్పుళ్ళు లేవు. పెరట్లోకి వెళ్ళి చూశాను. అమ్మ పీట మీదే ఉంది. ఒక చెయ్యి డ్రమ్ములో ఉంది. రెండో చెయ్యి, నీళ్ళు కట్టెయ్యడానికి చాచి ఉంటుంది, నేలలోంచి వచ్చే ఇనప కుళాయి మీద ఉంది. డ్రమ్ములోకి తొంగి చూస్తున్నట్టు వంగి ఉంది. అమ్మా అని పిలిచి భుజం పట్టుకోబోతే, ఎవరో తోసినట్టు వెనక్కి పడ్డాను. లేచి గదిలోకి పరిగెత్తి ప్లగ్గు లాగేశాను. మిషను ఆగింది. అమ్మ పక్కకి ఒరిగి, గచ్చు మీద పడింది. కుళాయి ఇంకా పోతూనే ఉంది.

చేపల బుట్టామె కేక విని సందంతా వచ్చింది. సందు చివర డాక్టరుని పిలుచుకొచ్చేసరికే ప్రాణం లేదు. ఎలా జరిగిందని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపు, పసిదాన్ని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డ మా అక్క జవాబు చెప్పింది.

"నాచు మీద జారి పడిపోయిందండి."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

బావ వచ్చాడు. గుమ్మంలోనే సంగతి విని, అమ్మ పక్కన కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అదీ నేను ఒప్పుకోవాలి. కానీ ఏడ్చిన తరవాత లేచి, ఊరి నించి నాన్న వచ్చేలోపు, వైరు కత్తిరించి, మోటారు విప్పి, డ్రమ్ముని పొర్లించుకుంటూ వెళ్ళి బొగ్గుల కొట్లో పెట్టి గోనెపట్టా కప్పాడు. రంగు గీసుకుపోకుండా పట్టా రెండు మడతలు వేసి కప్పడం నేను చూశాను. నా మనసు విరిగింది అప్పుడే.

వంటింట్లో అక్కని పట్టుకుని అడిగాను, ఇదేం పనే అని. నాన్నకి చెప్పాల్సిందే అన్నాను. అక్క పొయ్యి వైపు తిరిగి, నెమ్మదిగా మాట్లాడింది.

"సెప్తే నాన్న ఊరుకోడు. పోలీసులకాడికి ఎల్తాడు. ఈయన్ని జైల్లో ఎట్టేత్తే, ఈ పిల్లలిద్దర్నీ ఏటి సెయ్యమంతావు? నువ్వు పెంచుతావా?"

నేను ఇరవై దాటిన పిల్లని, టైపు ఉద్యోగం, పెళ్ళి కాలేదు. పెంచలేనని ఇద్దరికీ తెలుసు. నా మీద కోపం రాలేదు, అక్క మీద వచ్చింది. అమ్మ పోయిన దుఃఖం కన్నా ఆ కోపమే ఎక్కువ రోజులు ఉందంటే మీరు నమ్మాలి.

పరామర్శకి వర్క్‌షాపు వాళ్ళు వచ్చారు. అందులో పెద్దాయన ఒకాయన నాన్న పక్కన కూర్చుని, దుఃఖంలో ఉన్నవాడికి కాస్త ఊరట కలిగించే మాట చెప్దామని కాబోలు, అల్లుడి గురించి మంచిగా చెప్పసాగాడు. పనిలో అంత జాగ్రత్తపరుడు మరొకడు లేడట. ఎర్తు వైరు ఉందో లేదో తన చేత్తో చూసుకోకుండా, డ్రిల్లింగు మిషను మీద కూడా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడట. ఒకసారి ఆఫీసరుగారే తొందరపెడితే, ఎర్తు లేనిదే స్విచ్చి వెయ్యనని ఎదురు తిరిగాడట. నాన్న తలూపుతూ విన్నాడు. బావ నేల చూపులు చూశాడు. నేను మజ్జిగ గ్లాసుల పళ్ళెం అక్కడే కింద పెట్టేశాను. తెలియక చేశాడని, ఆ ఒక్క మాట పట్టుకుని నేను క్షమించి ఉండేదాన్నేమో. ఆ పెద్దాయన ఆ దారి కూడా మూసేసి వెళ్ళిపోయాడు.

అస్థికలు కలపడానికి సముద్రానికి వెళ్ళినప్పుడు, మిగతా మగవాళ్ళు వెనకబడితే, నాన్నతో నేను ఇసకలో ముందు నడిచాను. ఇంక ఆపుకోలేక, అమ్మ జారిపడలేదు నాన్నా అన్నాను. పోర్టులోకి రావడానికి వంతు కోసం దూరంగా నిలబడ్డ ఓడల వైపు తిరిగాడు నాన్న.

"తెలుసమ్మా," అన్నాడు. "సెయ్యి పట్టుకున్నప్పుడే సూసినాను. ఏలు కాలిపోయుంది. నాచు మీద పడితే ఏలు కాలదు గదా."

మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"మీ అమ్మ ఎలాగూ రాదు. అక్క కాపురం ఉండాల. నువ్వూ ఊరుకో."

అందరికీ తెలుసు. అందరూ ఒకరిని ఒకరు కాపాడుకుంటున్నామనుకుంటూ ఆయన్ని కాపాడాం. నాన్న ఆ తరవాత అక్క ఇంటి గడప తొక్కలేదు, కారణం ఎవరికీ చెప్పలేదు. పండక్కి అల్లుడు పల్లెకి వస్తే, బాగున్నావా బాబూ అని ఒక్క మాట అడిగి పొలానికి వెళ్ళిపోయేవాడు.

ఇంకొకటి చెప్పాలి. అమ్మ నెలమాసికం అయిన తరవాత ఒకనాడు నేను ఆఫీసు నించి వచ్చేసరికి పెరట్లో గుంట తవ్వి ఉంది. అందులో ఇనప గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, నీళ్ళు పోస్తున్నాడు బావ. అన్నం వేళకల్లా మూడు పిన్నుల ప్లగ్గు గోడలో కూర్చుంది, డ్రమ్ము మళ్ళీ పెరట్లోకి వచ్చింది, టెస్టరు పెడితే దీపం వెలగలేదు. ఒక్క సాయంత్రం పని. ఇది ముందే తవ్వొచ్చు కదా బావా అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అప్పుడు ఎగ్జిబిషను తొందర్లో ఉన్నాం కదమ్మా," అన్నాడాయన, చేతులు కడుక్కుంటూ.

ఆ మాటలో దురుసుతనం లేదు, దాపరికం లేదు. వర్షం పడిందేమిటని అడిగితే మబ్బు పట్టింది కదా అన్నట్టు చెప్పాడు. ఆ వారమే నేను నా పెట్టె సర్దుకుని ఉద్యోగం చేసే ఆడపిల్లల హాస్టలుకి మారిపోయాను.

తరవాత కథ ఊరందరికీ తెలిసినదే. ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక ఊళ్ళోకి ఎక్కడెక్కడి కుటుంబాలో దిగాయి, కొత్త క్వార్టర్లు లేచాయి, కొత్త కాపురాలకి కొత్త వస్తువులు కావలసివచ్చాయి. బావ ఉద్యోగం మానేసి మద్దిలపాలెంలో షెడ్డు తీసుకున్నాడు. ఆయన చేసిన మిషన్లు చాలా ఇళ్ళకి వెళ్ళాయి. ప్రతి మిషనుకీ మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు లేని ఇంట్లో బిగించనని షరతు. ఆయన మిషను ముట్టుకుని ఎవరికైనా షాకు కొట్టిందని నేను ఒక్కనాడూ వినలేదు. ఆ మాట నిజం. అందుకే నాకు మండుతుంది.

అక్క ఆయనతో కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది. షెడ్డు పెరిగి, మేడ లేచి, ఇంట్లో కంపెనీ మిషన్లు ఒకదాని తరవాత ఒకటి వచ్చినా, ఆమె బట్టలు మాత్రం బండ మీదే ఉతుక్కుంది. బావ మొదట్లో నవ్వేవాడు, తరవాత విసుక్కునేవాడు, తరవాత చూడనట్టు ఉండేవాడు. మా ఇద్దరి మధ్యా మాటలు చాలా ఏళ్ళు పొడిపొడిగానే నడిచాయి. ముసలితనంలో ఒకరోజు నేను వెళ్ళేసరికి దుప్పటి పిండలేక అవస్థ పడుతోంది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మెలితిప్పాం, నీళ్ళు కారాయి. క్షమించమని ఆమె అడగలేదు, క్షమించానని నేనూ అనలేదు. కానీ ఆ తరవాత నించి ఆ పనికి నా కోసం ఆగేది.

ఇప్పుడు రోజులు మారాయి, కాదనను. ఏ ఇంట్లో చూసినా కరెంటు కాస్త తేడాగా కారితే తనంతట తనే టప్పున ఆపేసే పెట్టె గోడకుంటుంది. మా అపార్టుమెంట్లో మొన్న ఒకావిడ గీజరు ముట్టుకుంటే ఎలాగో ఉందంటే, కమిటీ వాళ్ళు మెయిన్ ఆపించి, మనిషి వచ్చి చూసేదాకా ఎవరినీ నీళ్ళు పట్టుకోనివ్వలేదు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ మాట అంత తేలిగ్గా చెల్లడం చూసి నాకు సంతోషం వేసింది, వెంటనే మజ్జిగ వడ్డిస్తున్న అమ్మ గుర్తొచ్చింది.

ఏ పసిదాని గుడ్డలు ఉతుకుతూ అమ్మ పోయిందో, ఆ పసిది ఇప్పుడు నడివయసు మనిషి. తల్లి చెప్పిందే దానికి తెలుసు, అంతకుమించి నేను చెప్పలేదు. దాని ఇంట్లో ఏ స్నానాలగదిలోకి వెళ్ళినా నేల మీద రబ్బరు చాపలుంటాయి, గోడలకి పట్టుకునే కడ్డీలుంటాయి. నేను వెళ్ళినప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంటుంది. జాగ్రత్త పిన్నీ, అమ్మమ్మ నాచు మీద జారే కదా పోయింది అంటుంది. అవునమ్మా అని, అది పట్టుకున్న చేతిని విడిపించుకోకుండా, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ లోపలికి వెళతాను.